మేకుల ధర, వడ్రంగి కూలి: ప్యూరిటన్ బోస్టన్ మనుషుల్ని ఎలా అదుపులో పెట్టుకుంది

మీరు అడిగింది ఇదీ: "అమెరికా తూర్పు తీరంలో ప్యూరిటన్లు కట్టుకున్న ఊళ్లలో చెప్పుకోదగ్గ పోలీసులు లేరు, జీతాల సైన్యం లేదు. అయినా జనం అంత కట్టుబాటులో ఎలా ఉన్నారు? భయపడ్డారా, నమ్మారా?"

(ప్యూరిటన్లంటే ఇంగ్లండు చర్చిని ఇంకా శుద్ధి చేయాలని పట్టుబట్టి, 1600ల్లో సముద్రం దాటి వచ్చిన ప్రొటెస్టెంట్లు. మసాచుసెట్స్ వాళ్ల కాలనీ, బోస్టన్ దాని ముఖ్య పట్టణం.) నేను డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్లు చరిత్ర చెప్పాను. మసాచుసెట్స్ పాఠం వచ్చేసరికి ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇదే అడిగేవాళ్లు. మొదట్లో నేను చట్టాల జాబితా చదివేవాణ్ణి. చర్చికి రాకపోతే జరిమానా, క్రిస్మస్ చేసుకుంటే జరిమానా, తాహతుకి మించి పట్టు కడితే జరిమానా. పిల్లలు నవ్వుకుంటూ నోట్సు రాసుకునేవాళ్లు, అసలు సంగతి మాత్రం ఎవరికీ ఎక్కేది కాదు. కొన్నాళ్లకి జాబితా మానేసి రెండు తగాదాలు చెప్పడం మొదలుపెట్టాను. రెండూ బోస్టన్‌లో జరిగినవే, ఒకే సంఘంలో, ఏడాది అటూ ఇటూగా. మొదటిదాంట్లో సరుకు ఎక్కువ ధరకి అమ్మాడని ఒక వ్యాపారిని నిలబెట్టారు. రెండోదాంట్లో తన దగ్గర ఎక్కువ గుంజారని గోల పెట్టిన ఒకావిణ్ణి నిలబెట్టారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

మొదటాయన రాబర్ట్ కేన్. లండన్‌లో వ్యాపారం చేసి, బాగా కూడబెట్టుకుని, 1635లో బోస్టన్ వచ్చాడు. భక్తిపరుడు. ఎంతటి భక్తి అంటే ఆరాధనకి వెళ్లినప్పుడల్లా ప్రసంగాలు నోట్సు రాసుకునేవాడు. అలాంటివాణ్ణి 1639 నవంబరులో కాలనీ పెద్ద సభ (చట్టాలు చేసేదీ, తీర్పులు చెప్పేదీ అదే) ముందు నిలబెట్టారు. ఒక సంచి మేకులు, బంగారు బొత్తాలు, గుర్రపు కళ్లెం, ఇలాంటివి విపరీతమైన లాభానికి అమ్మాడని ఆరోపణ. షిల్లింగుకి ఆరు పెన్నీల పైన వేసుకున్నాడట. షిల్లింగంటే పన్నెండు పెన్నీలు కాబట్టి, రూపాయి సరుకు రూపాయిన్నరకి అమ్మినట్టు. మన కిరాణా కొట్ల లెక్కల్లో ఇదేమంత నేరం అనిపిస్తుంది. పైగా లాభం ఇంతకి మించకూడదన్న చట్టం అప్పటికి అమల్లో లేదు. ఈ మాట గవర్నరు జాన్ విన్‌త్రాప్ స్వయంగా తన డైరీలో రాసుకున్నాడు.

అయినా 200 పౌండ్లు జరిమానా వేశారు. తర్వాత 80కి తగ్గించారు. 80 పౌండ్లంటే ఎంతో ఇలా చూడండి: 1633లో ఇదే సభ మేస్త్రీ స్థాయి వడ్రంగికి రోజుకి 2 షిల్లింగులకి మించి కూలి ఇవ్వకూడదని కట్టడి చేసింది. ఆ లెక్కన అది ఎనిమిది వందల రోజుల కూలి.

కోర్టు అయ్యాక సంఘం పిలిచింది. (తెలుగు క్రైస్తవుల వాడుకలో లాగే 'సంఘం' అంటే ఇక్కడ చర్చి సభ్యులంతా అన్నమాట. భవనం కాదు. భవనాన్ని వాళ్లు చర్చి అనడానికి కూడా ఒప్పుకోరు, సమావేశపు ఇల్లు అనేవారు.) కొందరు వెలివేయాలన్నారు. కేన్ అందరి ముందూ నిలబడి కన్నీళ్లతో తన దురాశని ఒప్పుకున్నాడు. పాస్టరు జాన్ కాటన్ ఆ సందర్భంగా ఒక ప్రసంగమే చేశాడు. ఎంతకి అమ్ముడుపోతే అంతకి అమ్మొచ్చు, ఎంత తక్కువకి దొరికితే అంతకి కొనొచ్చు అనుకోవడం తప్పుడు సూత్రం అని. సముద్రంలో కొంత సరుకు మునిగితే ఆ నష్టాన్ని మిగతా సరుకు ధర పెంచి రాబట్టుకోవడం కూడా తప్పే అని. చివరికి మందలింపుతో సరిపెట్టారు. కొన్ని నెలలకి కేన్ మళ్లీ పూర్తి సభ్యుడు.

ఇక రెండో తగాదా. ఆన్ హిబ్బిన్స్ పలుకుబడి ఉన్న ఇంటి ఇల్లాలు. భర్త విలియం తర్వాత కాలనీ పాలకుల్లో ఒకడయ్యాడు. 1640లో ఇంట్లో వడ్రంగం పని చేయించుకుంది. చేసినవాడు తనని దోచాడంది. వేరే వడ్రంగుల్ని పిలిచి చూపిస్తే ధర సబబే అన్నారు. ఆవిడ ఊరుకోలేదు. ఒకరిని వదిలి ఇంకొకరి దగ్గరికి తిరిగి ధరలు కనుక్కుంది, వీళ్లంతా ఒకటైపోయారంది. ఇల్లు కట్టించినవాళ్లెవరికైనా ఆవిడ బాధ అర్థమవుతుంది.

సంఘం ఆవిణ్ణి పిలిపించింది. విచారణ పోనుపోనూ వడ్రంగి సంగతి వెనక్కి పోయింది. పదిమంది సబబే అన్నాక నువ్వెందుకు కాదంటున్నావు? సాటి సహోదరుణ్ణి దొంగ అని ఊరంతా ఎందుకు చెప్పావు? భర్త తేల్చేశాక నువ్వెందుకు మళ్లీ కదిపావు? నీకు శిరస్సుగా దేవుడు పెట్టిన మనిషి మీద నీ పెత్తనమేమిటి? ఇవీ ప్రశ్నలు. మధ్యలో ఆవిడ కొంత తగ్గి మాట్లాడింది, కానీ వాళ్లకి అది చాలలేదు. 1641 మొదట్లో వెలివేశారు.

గమనించారా? కేన్‌ది ధర పెంచిన నేరం, హిబ్బిన్స్‌ది ధర ఎక్కువ అన్న నేరం. ధరల విషయంలో ఆ సంఘానికి నిజంగా పట్టింపు ఉందనుకుంటే ఆవిణ్ణి మెచ్చుకోవాలి. తేడా వచ్చింది తల వంచిన చోట. ఆయన ఏడ్చాడు, ఆవిడ వాదించింది. నా మట్టుకు నాకు ప్యూరిటన్ కట్టుబాటు తాళంచెవి ఇదే. తప్పు చేయడం వాళ్లకి ఆశ్చర్యం కాదు, మనుషులంతా పుట్టుకతోనే పాపులని వాళ్ల నమ్మకం. పదిమంది వేలెత్తి చూపించాక కూడా నాది తప్పు కాదన్నవాణ్ణి మాత్రం ఆ ఊరు భరించలేదు.

అంత పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ముందు ఒడంబడిక గురించి చెప్పాలి. 1630లో విన్‌త్రాప్ నాయకత్వంలో ఓడల్లో వచ్చినవాళ్లు తాము దేవుడితో ఒప్పందం కుదుర్చుకున్న జనాంగమని నమ్మారు. ఒప్పందం ఒక్కొక్కరితో వేరువేరుగా లేదు, అందరితో కలిపి ఉంది. పక్కింటివాడు తాగి పడిపోతే దేవుడి కోపం వాడి ఇంటి దగ్గర ఆగదు, పంటలు పోతాయి, జబ్బులొస్తాయి, నా పిల్లలూ పోతారు. ఈ నమ్మకం ఒకసారి బుర్రలోకి ఎక్కితే పక్కింటి కిటికీలోకి తొంగి చూడటం చాడీ కాదు, బాధ్యత అవుతుంది. సంఘంలో చేరేటప్పుడే ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటామని మాట ఇచ్చేవాళ్లు. దాన్ని వాళ్లు పవిత్రమైన కాపలా అనుకునేవాళ్లు.

కాపలాకి ఒక పద్ధతి ఉంది. మత్తయి సువార్త 18వ అధ్యాయం. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని సాక్షులుగా వెంట తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. సంఘం మాటా వినకపోతే "అన్యునిగాను సుంకరిగాను" ఎంచుకో. కాగితం మీద చాలా మర్యాదైన పద్ధతి ఇది. ఆచరణలో ఏమవుతుందో చూడండి. మొదటి మెట్టు మీదే మీరు ఒప్పేసుకుంటే విషయం ఇద్దరి మధ్యే సమసిపోతుంది. ఒప్పుకోకపోతే నలుగురికి తెలుస్తుంది, ఆ పైన ఊరందరికీ తెలుస్తుంది. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ అసలు తప్పు చిన్నదైపోయి మొండితనం పెద్దదవుతుంది. హిబ్బిన్స్‌కి జరిగింది అక్షరాలా అదే.

సంఘంలో సభ్యత్వం అందరికీ దొరికేది కాదన్నది ఇంకో సంగతి. 1630ల మధ్య నుంచి, చేరాలనుకున్నవాళ్లు తమ హృదయంలో దేవుడి కృప ఎలా పనిచేసిందో సాక్ష్యం చెప్పాలి. మన సంఘాల్లో లేచి నిలబడి సాక్ష్యం చెప్పినట్టే, కాకపోతే విన్నవాళ్లు ప్రశ్నలు వేస్తారు, నమ్మాలా వద్దా అని తేలుస్తారు. సభ్యుడైతేనే ప్రభు రాత్రి భోజనంలో చోటు, పిల్లలకి బాప్తిస్మం. 1631 నుంచి మసాచుసెట్స్‌లో ఓటు కూడా సంఘ సభ్యులైన మగవాళ్లకే. అంటే పక్కవాళ్లు నీ ఆత్మ గురించి ఏమనుకుంటున్నారన్న దాని మీద నీ పౌరహక్కు ఆధారపడింది. పాస్టర్లు మాత్రం ప్రభుత్వ పదవుల్లో ఉండకూడదు. జనం దీన్ని మతగురువుల రాజ్యం అనుకుంటారు గానీ అది సరికాదు.

ఇక ఊరి కట్టడం. 1635లో, కొత్త ఊళ్లలో సమావేశపు ఇంటికి అరమైలు దాటి ఎవరూ ఇల్లు కట్టకూడదని ఉత్తర్వు వేశారు. అది అయిదేళ్లే నిలిచింది, కానీ ఆలోచన చూడండి. దూరంగా ఉంటే కంటికి ఆనరు. పెళ్లికాని కుర్రాడు ఒంటరిగా కాపురం పెట్టకూడదు. కనెక్టికట్‌లో 1637 చట్టం ప్రకారం ఊరి అనుమతి లేకుండా ఒంటరిగా ఉంటే వారానికి 20 షిల్లింగులు జరిమానా. అద్దె ఇల్లు వెతుక్కునే మన బ్యాచిలర్ల కష్టాలు వాళ్ల ముందు దిగదుడుపే. ఎవరో ఒక కుటుంబంలో చేరాల్సిందే, ఆ ఇంటి యజమాని చెప్పినట్టు వినాల్సిందే. కుటుంబాన్ని వాళ్లు చిన్న రాజ్యం అనేవారు. ఆ ఇంటి పెద్ద తన పిల్లలకి, నౌకర్లకి చదవడం నేర్పిస్తున్నాడా లేదా అని 1642 నుంచి ఊరి పెద్దలు వచ్చి అడగొచ్చు. నేర్పించకపోతే పిల్లల్ని తీసేసి వేరే ఇంట్లో పెట్టే అధికారం కూడా ఉంది. బయటివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 1637 తర్వాత కొత్తగా వచ్చినవాణ్ణి అధికారుల అనుమతి లేకుండా మూడు వారాలకి మించి ఉంచుకోకూడదు.

ఆదివారం ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రెండు ఆరాధనలు. 1646 చట్టం ప్రకారం రాని ప్రతిసారీ 5 షిల్లింగులు. సంఘ సభ్యుడు కాకపోయినా రావాల్సిందే. పొయ్యి లేని చెక్క ఇంట్లో, మంచు కురుస్తున్నప్పుడు, గంటల కొద్దీ. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. ఎవరు ఏ బెంచీ మీద కూర్చోవాలో వయసు, ఆస్తి, హోదా చూసి కమిటీ నిర్ణయించేది. దాంతో మీరు ఊళ్లో ఎన్నో మెట్టు మీద ఉన్నారో వారం వారం అందరికీ కనపడేది. తప్పు ఒప్పుకోవాల్సినవాళ్లు లేచి నిలబడేది కూడా అక్కడే. పెళ్లయిన ఆరేడు నెలలకే బిడ్డ పుట్టిందనుకోండి. ఊరంతా వేళ్ల మీద లెక్క కట్టేసి ఉంటుంది. కోర్టులో జరిమానానో కొరడా దెబ్బలో తిని, సంఘం ముందు దంపతులిద్దరూ ఒప్పుకుంటేనే బిడ్డకి బాప్తిస్మం. ఈ రకం కేసులు అక్కడి కోర్టు రికార్డుల్లో కుప్పలు తెప్పలు.

పోలీసు మాటకొస్తే, కానిస్టేబుల్ ఉండేవాడు. కానీ ఏటా ఊరివాళ్లే తమలో ఒకణ్ణి ఎన్నుకునేవాళ్లు. 1670ల్లో పదేసి ఇళ్లకి ఒకడు చొప్పున టైతింగ్‌మన్ అని ఒకణ్ణి పెట్టారు. ఆదివారం ఎవరు ప్రయాణం కట్టారు, ఏ ఇంట్లో దొంగచాటుగా మద్యం పోస్తున్నారు అని చూడటం వాడి పని. దీన్ని చాలామంది ప్యూరిటన్ కాఠిన్యానికి పరాకాష్ఠగా చెబుతారు. నాకు మాత్రం అది బలహీనపడ్డ గుర్తులా కనిపిస్తుంది. 1630ల్లో ఆ పని అందరూ ఊరికే చేశారు. నలభై ఏళ్లు తిరిగేసరికి ఆ పనికి ప్రత్యేకంగా ఒకణ్ణి నియమించాల్సి వచ్చింది.

ఎదురు తిరిగినవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లకి ఏమైందన్నది మిగతావాళ్లు చూశారు. రోజర్ విలియమ్స్ అనే పాస్టరు, మనస్సాక్షి విషయాల్లో ప్రభుత్వానికి పనిలేదన్నాడు, స్థానిక తెగల భూమిని రాజుగారు రాసిచ్చేదేమిటన్నాడు. 1635లో బహిష్కరణ శిక్ష వేశారు, మరుసటి జనవరిలో మంచులో పడి పారిపోయాడు. ఆన్ హచిన్సన్ మంత్రసాని పని తెలిసినావిడ, తన ఇంట్లో ఆడవాళ్లని కూర్చోబెట్టి ఆదివారం ప్రసంగం మీద చర్చ పెట్టేది. పోనుపోనూ మగవాళ్లూ రావడం మొదలుపెట్టారు. పాస్టర్లలో చాలామంది తప్పు బోధిస్తున్నారని ఆవిడ అందన్నది గొడవ. 1637లో కోర్టు బహిష్కరించింది, 1638 మార్చిలో సంఘం వెలివేసింది. పాస్టరు జాన్ విల్సన్ ఆవిణ్ణి సాతానుకి అప్పగిస్తున్నానని, కుష్ఠరోగిలా సంఘంలోంచి వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించాడు. అప్పుడు మేరీ డయర్ అనే ఒకే ఒక్కావిడ లేచి హచిన్సన్ చెయ్యి పట్టుకుని తోడుగా బయటికి నడిచింది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

హచిన్సన్ పక్షం వహించిన బోస్టన్ మగవాళ్లు 58 మంది తమ తుపాకులు, కత్తులు, మందుగుండు అప్పగించాలని 1637లో ఉత్తర్వు వచ్చింది. తప్పయిందని ఒప్పుకున్నవాళ్లకి మినహాయింపు. ఆయుధాలు ఎక్కడ అప్పగించాలో తెలుసా? మన రాబర్ట్ కేన్ ఇంట్లో. రెండేళ్ల తర్వాత తాను నిలబడబోయే చోట అప్పుడు వేరేవాళ్లు నిలబడి ఉన్నారు. ఇదీ ఆ సమాజం గుట్టు. కాపలా కాసేవాళ్లు ఒక వర్గం, కాయించుకునేవాళ్లు ఇంకో వర్గం అని లేదు. ఈవేళ నా వంతు, రేపు నీ వంతు. అందుకే దాన్ని కూలదోద్దామన్న పట్టుదల ఎవరికీ ఎక్కువ కాలం నిలవలేదు.

వదిలి వెళ్లిపోవచ్చు కదా అనొచ్చు. పొలం ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడ భూమి పంచేది ఊరు. ఇంటి స్థలం, గడ్డి బీడు, పొలం, అడవి వాటా అన్నీ ఊరి పద్దులో రాయించుకోవాలి. ఊరితో తెగతెంపులు చేసుకుంటే భూమితో, ఓటుతో, పురుడు పోసే చేతులతో, చలికాలం కట్టెలు అప్పిచ్చే పొరుగుతో తెగిపోయినట్టే. మన ఊళ్లలో వెలి పడ్డ కుటుంబానికి చాకిరీ, నీళ్లు, నిప్పు బందు చేసినట్టు. కాకపోతే మన కులం కట్టుబాటులోకి మనం పుట్టుకతో వచ్చి పడతాం. వాళ్లు మొదటి తరంలో ఓడెక్కి, కోరి, సంతకం పెట్టి వచ్చారు. 'భయపడ్డారా, నమ్మారా' అన్న మీ ప్రశ్నకి నా సమాధానం ఇక్కడుంది: నమ్మారు, నమ్మారు కాబట్టే ఒకరంటే ఒకరికి భయపడ్డారు.

ఇదంతా ఒప్పుకోలు మీద నడిచే యంత్రం అని తేలింది కదా. ఒప్పుకోనే ఒప్పుకోనివాళ్లు బయటి నుంచి వచ్చి పడితే యంత్రం ఏం చేస్తుంది? 1656లో క్వేకర్లు (పాస్టర్లు అక్కర్లేదు, దేవుడి వెలుగు ప్రతి మనిషి లోపలే ఉందనే ఇంగ్లండు క్రైస్తవ శాఖవాళ్లు) వచ్చినప్పుడు అదే జరిగింది. వాళ్లకి ఈ సంఘంతో ఒడంబడిక లేదు, వెలి అంటే లెక్క లేదు, తరిమితే మళ్లీ వస్తారు, కొరడాతో కొడితే ఆనందంగా సాక్ష్యం చెబుతారు. కాలనీకి పిచ్చెక్కింది. చెవులు కోశారు. 1658లో, బహిష్కరించాక తిరిగొస్తే ఉరి అని చట్టం చేశారు. 1659 నుంచి 1661 వరకు నలుగురిని బోస్టన్‌లో ఉరితీశారు. వాళ్లలో ఒకరు, 1660 జూన్ 1న, మేరీ డయర్. ఇరవై రెండేళ్ల కిందట హచిన్సన్ చెయ్యి పట్టుకుని బయటికి నడిచినావిడే. చివరికి ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్ జోక్యం చేసుకుంటే గానీ ఉరులు ఆగలేదు. ఉరికొయ్య దాకా వెళ్లారంటే కట్టుబాటు గట్టిగా ఉందని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అప్పటికి వాళ్ల చేతిలో ఇంకేమీ మిగల్లేదు.

మసాచుసెట్స్‌లోని సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణల సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి ఒక్క ముక్క. 1692లో 19 మందిని ఉరితీశారు (తగలబెట్టలేదు, అది యూరప్ మాట), ఒక ముసలాయన్ని బండరాళ్లు పేర్చి చంపారు. మంత్రగత్తెనని ఒప్పుకుని ఆ మాట మీద నిలబడినవాళ్లలో ఒక్కరినీ ఉరితీయలేదు. నేను చేయలేదన్నవాళ్లే పోయారు. ఒప్పుకున్న శామ్యూల్ వార్డ్‌వెల్ అనే ఆయన తర్వాత మాట వెనక్కి తీసుకున్నాడు, ఆయన్నీ ఉరితీశారు. అయిదేళ్లకి న్యాయమూర్తుల్లో ఒకడైన శామ్యూల్ సీవల్ ఆరాధనలో లేచి నిలబడ్డాడు, తన తప్పు ఒప్పుకున్న కాగితాన్ని పాస్టరు అందరికీ చదివి వినిపించాడు. ఆ చట్రంలోనే, ఆ పద్ధతిలోనే.

ఇంతా చెప్పి వాళ్లని రాక్షసుల్లా వదిలేయడం న్యాయం కాదు. 1641 నాటి వాళ్ల హక్కుల పత్రంలో, భర్త భార్యని కొట్టకూడదని రాసుంది. పశువుల్ని హింసించకూడదని ఉంది. కొరడా దెబ్బలు నలభైకి మించకూడదని ఉంది. ఆ రోజుల్లో ఇవి చిన్న మాటలు కావు. పక్కింటివాళ్ల కన్ను నౌకరు కుర్రాణ్ణి చావబాదే యజమాని మీద కూడా పడేది, అతణ్ణీ కోర్టుకి లాగేది. నాలుగు గోడల మధ్య నా ఇష్టం అనే మాట అక్కడ ఎవరికీ చెల్లలేదు, మొగుడికీ చెల్లలేదు. విడాకులు దొరికేవి. యాభై ఇళ్లున్న ఊరు చదువు చెప్పేవాణ్ణి పెట్టుకోవాలని 1647లోనే చట్టం ఉంది. బీరు తాగేవాళ్లు, రంగుల బట్టలు కట్టేవాళ్లు. సినిమాల్లో చూపించే నల్లబట్టల ఏడుపుగొట్టు మనుషులు కాదు. అలాగని మరీ మెత్తగా చూడకండి. 1644లో వ్యభిచార నేరానికి ఒక జంటని ఉరితీశారు. పక్కనున్న ప్లిమత్ కాలనీలో 1658 చట్టం అదే నేరానికి కొరడా దెబ్బలతోపాటు గుడ్డతో కత్తిరించిన రెండు అక్షరాలు బట్టల మీద కుట్టుకుని తిరగాలంది.

ఎలా సడలిందంటే, పెద్దగా తిరుగుబాట్లేమీ జరగలేదు. పిల్లలు పెరిగారు, భూమి చాలక దూరంగా వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. అరమైలు కాస్తా అయిదు మైళ్లయింది. రెండో తరానికి తల్లిదండ్రుల్లా ఉద్వేగంగా చెప్పుకునే సాక్ష్యాలు లేవు, సంఘాల్లో పూర్తి సభ్యులు తగ్గారు. సాక్ష్యం చెప్పనివాళ్ల పిల్లలకీ బాప్తిస్మం ఇద్దామని 1662లో రాజీపడ్డారు. వ్యాపారులు డబ్బు చేసుకున్నారు, పట్టు బట్టల మీద చట్టాలు కాగితం మీదే మిగిలాయి. 1659లో క్రిస్మస్ మీద పెట్టిన నిషేధం 1681లో పోయింది. 1684లో రాజు కాలనీ అధికార పత్రాన్నే రద్దు చేశాడు, 1691లో వచ్చిన కొత్త పత్రం ఓటుని సంఘంతో తెంచి ఆస్తికి ముడిపెట్టింది. నీ ఆత్మ గురించి పక్కింటివాడి అభిప్రాయానికి ఆ రోజుతో విలువ పడిపోయింది.

మన వైపు ఒక చిన్న ముడి ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బోస్టన్ ప్యూరిటన్లు తరిమినవాళ్లలో బాప్టిస్టులూ ఉన్నారు. శిశువులకి బాప్తిస్మం ఇవ్వకూడదన్నందుకు 1644లో వాళ్ల మీద బహిష్కరణ చట్టం చేశారు. 1651లో ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టు బోధకుణ్ణి బోస్టన్ వీధిలో 30 కొరడా దెబ్బలు కొట్టారు. జరిమానా కడతామని స్నేహితులు ముందుకొచ్చినా ఆయన ఒప్పుకోలేదు. 1680లో వాళ్ల సమావేశపు ఇంటి తలుపులకి మేకులు కొట్టించారు. అదే బోస్టన్ తర్వాత బాప్టిస్టుల మిషనరీ సంస్థకి కేంద్రమైంది. శామ్యూల్ డే అనే మిషనరీ 1840లో నెల్లూరులో స్థిరపడ్డది, 1878 జులై 3న ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఒంగోలు మిషన్ నడిచింది ఆ సంస్థ తరఫునే. సంఘమంతా కూర్చుని సభ్యుడి నడవడి తేల్చే పద్ధతి వాళ్లతోపాటు వచ్చింది. నా చిన్నప్పుడు ఒంగోలు పక్క పల్లెలో, మా నాయనమ్మ వాళ్ల సంఘంలో, అన్నదమ్ముల పొలం తగాదాలో చెయ్యి చేసుకున్న ఒకాయన్ని ప్రభువు బల్లకి (రాత్రి భోజనానికి) దూరం పెట్టారు. ఆర్నెల్లు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఒక ఆదివారం లేచి, గొంతు పూడుకుపోతుంటే, తప్పయిందన్నాడు. పాస్టరు ఆయన్ని ముందుకి పిలిచాడు, ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. పొలం ఎవరిదో ఎవరూ అడగలేదు. కేన్ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ వెనక బెంచీ.

కేన్ కథ మేకులతో ఆగలేదు. ఆయన మీద ఇంకో కేసు కూడా నడిచింది, ఊళ్లో దారితప్పి వచ్చిన ఒక ఆడపంది గురించి. షెర్మన్ అనే ఆవిడ, ఆ పంది నాది, నువ్వు కోసుకుని తిన్నావంది. సంఘం విచారించి ఆయన తప్పు లేదంది, కోర్టూ అదే అంది. ఆవిడ వదల్లేదు, కాలనీ పెద్ద సభ దాకా లాగింది. అక్కడ పాలకులు ఒకవైపు, ఊళ్ల ప్రతినిధులు ఒకవైపు చీలిపోయారు. ఆ రగడ ముదిరి 1644లో సభ రెండుగా విడిపోయింది. మసాచుసెట్స్ శాసనసభకి ఈనాటికీ రెండు సభలున్నాయంటే అందులో ఆ పంది పాత్ర ఉంది!

సంఘం ముందు ఏడ్చి పద్నాలుగేళ్లయ్యాక, 1653లో, కేన్ వీలునామా రాయడానికి కూర్చున్నాడు. 158 పేజీలు రాశాడు. మేకుల ధర ఎంత, ఎవరు అప్పుకి తీసుకున్నారు, బొత్తాలు ఎంతకి కొన్నాను, ఎంతకి అమ్మాను, నాకు అన్యాయం జరిగింది అని. బతికి ఉండగా నోరెత్తని మాటలన్నీ చచ్చాక చదువుకోమని రాసిపెట్టాడు. దాంతోపాటు బోస్టన్‌కి ఒక టౌన్‌హౌస్ కట్టమని 300 పౌండ్లు కూడా రాశాడు. కింద వ్యాపారులు కలుసుకునే చోటు, పైన సభలు జరిగే గదులు. చెక్కతో కట్టిన ఆ భవనం 1711లో కాలిపోయింది. ఆ జాగాలో ఇప్పుడున్నది ఓల్డ్ స్టేట్‌హౌస్, ఎర్ర ఇటుకలది. దాని అడుగునే స్టేట్ స్టేషన్, మెట్రో రైలు దిగి పైకి రావచ్చు. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక మధ్యాహ్నం అక్కడ మెట్లెక్కి వచ్చి చాలాసేపు నిలబడ్డాను.

కేన్ 1656 మార్చి 23న పోయాడు. ఆన్ హిబ్బిన్స్ భర్త అంతకు రెండేళ్ల ముందే పోయాడు, అడ్డుపడేవాళ్లు లేకపోయారు. ఆవిణ్ణి మంత్రగత్తె అన్నారు. జ్యూరీ తీర్పుని న్యాయమూర్తులు మొదట ఒప్పుకోలేదు, కేసు పెద్ద సభకి వెళ్లింది, అక్కడ దోషి అన్నారు. 1656 జూన్ 19న ఉరితీశారు, కేన్ పోయిన మూడు నెలలకి. ఆవిణ్ణి సంఘం నిలబెట్టి అడిగిన ప్రశ్నలు, ఆవిడ చెప్పిన జవాబులు ఈవేళ మనం చదవగలుగుతున్నామంటే, ఆ రోజు సభలో కూర్చుని ఒకాయన నోట్సు రాసుకోబట్టే. ఆ చేతిరాత రాబర్ట్ కేన్‌ది.